ఎర్ర రంగు బోరింగు

ముప్ఫై రెండేండ్లు నీళ్లకు లెక్కలు రాసిన.
దేవరకొండ రోడ్డు పొంటి ఊరూరు తిరిగి
సీసాల పట్టి, మూత బిగించి,
మీద ఊరి పేరు, బోరు నంబరు, తారీఖు.
నల్లగొండ ల్యాబుల మందు చుక్కలేస్తే
ఎర్రగుండాల్సింది పసుపుపచ్చ తిరిగితే
ఆ నీళ్లు తాగొద్దు.
మళ్ల డబ్బా పట్టుకపోయి
బోరింగు మెడకు ఎర్ర రంగు పూసి రావాలె.
గంతవరకే డ్యూటీ.

రిటైరైనంక నాలుగు నెలలు
ఇంట్ల నల్లా కింద బకెట్ నిండేదాక నిలబడి చూసిన.
ఇప్పుడు పెద్ద దవాఖాన వెనుక నొప్పుల వార్డుకు పోతున్న,
వారానికి మూడు రోజులు. ఎనిమిది మంచాలు.
సేవ జేస్తున్నవటగా అంటరు తోటోళ్లు.
నీళ్లు తాపుతున్న అంట.

మొదట్ల మూడు రోజులు నేర్పిన్రు:
నిలబడి మాట్లాడొద్దు, పక్కన కూసోవాలె.
తగ్గుతదని చెప్పొద్దు.
గ్లాసు ఎత్తొద్దు, పొరపోతది,
చెంచా చివర, నాలుక పక్కకు,
మింగినంకనే ఇంకోటి.
మింగలేనోళ్లకు పెదవుల మీద తడి దూది.
చెంచాకు ఐదు మిల్లీలీటర్లు, అది నాకు ఎర్కే.
గొంతు కదిలేదాక ఆగుడు ఎర్క లేకుండె.

ఆరో మంచం ఈదమ్మ, దామెరకుంట.
మోకాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటయి,
మెడ తిప్పాలంటే ఒళ్లంత తిరగాలె.
ఆ వంకర పాతది.
మంచం ఎక్కించింది మాత్రం కడుపుల పుండు.
రెండో రోజు నా మొఖం జూసి
"మా బోరింగుకు రంగేసినోనివి గదా" అన్నది.
డబ్బా మూత రాకుంటే కొడవలి అడిగిన్నట,
తెచ్చిచ్చింది తనేనట.
నాకు యాదికి లేదు.
నంబరు యాదికున్నది: నాలుగు పాయింట్ ఎనిమిది.

"తాగొద్దని రంగేసి పోతిరి,
ఏం తాగాల్నో చెప్పకపోతిరి."
కోపంగ అనలే.
ఇంట్ల చింతపండు అయిపోయింది అన్నట్టు అన్నది.
"మా పోరగాండ్లు ఆ రంగు గోటితోని గీకి
బొట్లు పెట్టుకునేటోళ్లు."

నాకు మాట రాలే, చెంచా ముందుకు పట్టిన.
నాలుక మీద తిప్పి పెదవి విరిచింది.
"ఫిల్టర్ నీళ్లు. సప్పగ.
మా బోరింగుయి ఒక్క గుక్క దొరుకుతయా?"

నేను సుగుణ సిస్టర్ను అడిగిన, సిస్టర్ డాక్టరమ్మను అడిగింది.
డాక్టరమ్మ కేస్ షీట్ మూసి, కిటికీ దిక్కు జూసి
"ఇప్పుడేం జేస్తయి ఆ నీళ్లు" అన్నది.
అది ప్రశ్నో జవాబో తెల్వలే.

పొద్దుగాల ఆరింటి బస్సుకు పోయిన.
నల్లాలొచ్చినంక దాన్ని ఎవ్వరూ కొడ్తలేరు,
చుట్టూ సర్కారు తుమ్మ.
అతుకు కాడ రంగు గోరంత మిగిలింది.
ఇరవై మూడు సార్లు కొడితే దగ్గింది,
తుప్పు కక్కింది, అటెనుక తేట.
సీసాల పట్టి మూత బిగించిన.
చెయ్యి అలవాటున పెన్ను తీసింది.
ఊరి పేరు, తారీఖు.
నంబరు కాడ ఆగి
ఈదమ్మ అని రాసిన.

మొదటి చెంచా.
గొంతు కదిలింది. కండ్లు మూసింది, తెరిసింది.
"ఇవి మాయి గావు పో.
మాయి తియ్యగుంటుండె."
మావే అని ఒట్టేసిన, తుప్పు మరకలున్న చేతులు చూపెట్టిన.
నవ్వింది. నవ్వితే కడుపు గుంజినట్టుంది,
దుప్పటి పిడికిట్ల పట్టి
"సరే, గావే అనుకుంట గని, ఇంకోటి పొయ్యి" అన్నది.
నాలుగు చెంచాలు. ఐదోది పెదవి పక్కకెల్లి జారింది, తుడిసిన.

బేస్తారం పోయేసరికి ఆరో మంచం మీద కొత్త దుప్పటి.
సీసా సగం అట్లనే ఉన్నది అల్మారల.
సింకుల పొయ్యబోయి ఆగిన.
అన్ని ఊర్ల నీళ్లు ముట్టిన గని
ఒక్క ఊరియి తాగలే ఎన్నడూ.
మూత తీసి తాగిన, గోడ దిక్కు తిరిగి.
కొంచెం చవుడు, కొంచెం ఇనుము.
తీపి ఏడుందో దొరకలే.

ఏడో మంచం పెద్దమనిషి వేలెత్తి పిలిసిండు.
చెంచా కడుక్కొని పోయి పక్కన కూసున్న.
"నీళ్లొద్దు" అన్నడు, "చాయ్."